విడవని పలుచటి లద్దె: నాలుగోసారి నట్టల మందు పట్టించే ముందు

మీ గుర్రానికి తొమ్మిదేళ్లు. నాలుగు నెలలుగా లద్దె పలుచగా పడుతోంది. ఈలోగా మూడుసార్లు నట్టల మందు పట్టించారు, రెండుసార్లు దాణా మార్చారు, అయినా తగ్గలేదు. ఇప్పుడు ఏ మందు, ఏ దాణా అని అడిగారు. నా జవాబు: నాలుగోసారి మందు పట్టించకండి, దాణా మళ్లీ మార్చకండి. ముందు లద్దెను పరీక్షకు పంపండి, గుర్రాన్ని కొలవండి, గడ్డిని తూచండి. మా ఆడ గుర్రం విషయంలో ఈ మూడు పనులూ నేను పదకొండు నెలలు ఆలస్యంగా చేశాను. ఆ ఆలస్యం దాని ప్రాణం మీదికి తెచ్చింది.

జ్వరం 38.5 డిగ్రీల సెల్సియస్ దాటినా, విశ్రాంతిగా ఉన్నప్పుడు గుండె నిమిషానికి 50 సార్లకు మించి కొట్టుకుంటున్నా, గుర్రం పొర్లుతున్నా, మేత ముట్టకపోయినా, లద్దె నీళ్లలా ధారగా పడుతున్నా ఇక్కడితో చదవడం ఆపి వెంటనే పశువైద్యుణ్ణి పిలవండి. మిగతాదంతా నెలల తరబడి సాగే బాధ గురించే.

మా గుర్రం నా దగ్గరికి వచ్చినప్పుడు దానికి ఐదేళ్లు. మొదటి రోజు నుంచీ లద్దె ఉండలు కట్టకుండా ఆవు పేడలా పడేది. తోక కింద, వెనక కాళ్ల లోపలి వైపు ఎప్పుడూ తడే. రోజూ పొద్దున్నే గోరువెచ్చటి నీళ్లతో కడిగి, మెత్తటి గుడ్డతో అద్దేదాన్ని. అయినా అక్కడి వెంట్రుకలు ఊడిపోయి చర్మం ఎర్రగా ఒరుసుకుపోయింది. చూసిన ప్రతివారూ నట్టలే అన్నారు, నేనూ నమ్మాను. రెండు నెలలకోసారి మందు పట్టించాను. బరువు 420 కిలోలు ఉంటుందని కంటితోనే అంచనా వేసి, మోతాదు దాన్నిబట్టి ఇచ్చేదాన్ని.

చలికాలం చివర్లో అలాగే మామూలు మందు పట్టించిన పదో రోజున విరేచనాలు పట్టుకున్నాయి. రెండు వారాల్లో పక్కటెముకలు లెక్కపెట్టేంతగా చిక్కిపోయింది. పొట్ట కింద వేలితో నొక్కితే పడిన గుంట అలాగే నిలిచిపోయేది. ఒక పొద్దున కొంచెం లద్దెను తెల్లటి పళ్లెంలో వేసి నీళ్లు కలిపి చూశాను. సెంటీమీటరు కూడా లేని ఎర్రటి దారపు ముక్కలు, వెంట్రుకంత సన్నటివి, నీళ్లలో మెలికలు తిరుగుతున్నాయి. అప్పటికి వారం ముందు చేయించిన, లద్దెలో నట్టల గుడ్లు లెక్కించే పరీక్షలో గ్రాముకు 50 గుడ్లే వచ్చాయి. ఆ అంకె చూసి నట్టల సంగతి పక్కన పెట్టేసి ఉన్నాను.

అవి చిన్న స్ట్రాంగైల్ అనే నట్టల పిల్లలు. మేతతో పాటు లోపలికి వెళ్లి పెద్దపేగు గోడలో గూడు కట్టుకుని నిద్రపోతాయి, కొన్ని రెండేళ్ల వరకు కూడా. ఎదగని పురుగు గుడ్లు పెట్టదు కనుక గుడ్ల పరీక్షకు అవి దొరకవు. మామూలు మందు పేగులో తిరిగే పెద్ద పురుగులను చంపుతుంది, గోడలో ఉన్నవాటిని తాకదు. పెద్దవి పోయి చోటు ఖాళీ అయితే గోడలోని పిల్లలు ఒక్కసారిగా బయటికి రావచ్చు. వేల సంఖ్యలో ఒకేసారి గోడను చీల్చుకుని వస్తే పేగు పుండవుతుంది, రక్తంలోని మాంసకృత్తులు ఆ పుండు గుండా కారిపోతాయి. పొట్ట కింద వాపు అందుకే. ఆరేళ్లలోపు గుర్రాల్లో, చలి తగ్గే రోజుల్లో ఇది ఎక్కువ. మీ గుర్రం వయసు దాటింది కాబట్టి ఆ అవకాశం తక్కువే, కానీ లేకపోలేదు. మూడుసార్లు పట్టించిన మందు పేరు, పట్టించిన తేదీలు, ఆ తర్వాతి రెండు వారాల్లో లద్దె ఎలా మారిందో కాగితం మీద రాసి వైద్యుడికి చూపించండి.

గోడలోని పిల్లలపై గట్టిగా పనిచేసేది మాక్సిడెక్టిన్. ఫెన్‌బెండజోల్‌ను ఐదు రోజులు వరుసగా ఇచ్చే పద్ధతీ ఉంది కానీ, చిన్న స్ట్రాంగైల్‌లు చాలా చోట్ల ఆ మందుకు లొంగడం మానేశాయి. మాక్సిడెక్టిన్ కొవ్వులో నిలవ ఉండే మందు. చిక్కిపోయిన గుర్రానికి మోతాదు ఎక్కువైతే విషమవుతుంది. అందుకే మా వైద్యుడు ముందు టేపు తీయమన్నారు. ముందు కాళ్ల వెనుక ఛాతీ చుట్టుకొలత 165 సెంటీమీటర్లు, భుజం ముందు కొన నుంచి పిరుదు వెనక కొన వరకు పొడవు 155. చుట్టుకొలతను చుట్టుకొలతతో, ఆ వచ్చినదాన్ని పొడవుతో గుణించి 11,880తో భాగిస్తే 355 కిలోలు. నా అంచనాకు 65 కిలోలు తక్కువ! పేగు వాపు అదుపులో ఉండటానికి స్టెరాయిడ్ కూడా తోడుగా ఇచ్చారు. ఇది ఇంట్లో సొంతంగా చేసే వైద్యం కాదు, దయచేసి ప్రయత్నించవద్దు.

మామూలు కాలంలో నట్టల విషయంలో ఇప్పుడు పాటించే పద్ధతి వేరు. లద్దె పరీక్షలో గ్రాముకు 200 గుడ్లు దాటితేనే మామూలు మందు. పట్టించిన 14 రోజులకు మళ్లీ లెక్క. గుడ్లు 90 శాతమైనా తగ్గకపోతే ఆ మందు మీ దగ్గర పనిచేయడం లేదన్నమాట. బద్దెపురుగు గుడ్లు ఈ పరీక్షలో సరిగా పడవు. దానికి లాలాజల పరీక్ష లేదా రక్త పరీక్ష, తేలితే ప్రాజిక్వాంటెల్ అనే మందు. మేసే చోట వారానికి రెండుసార్లు లద్దె ఎత్తేయడం మటుకు ఎప్పుడూ మానను. ఏ మందూ చేయలేని పని అది చేస్తుంది.

నట్టలు పోయాక కూడా లద్దె గట్టిపడలేదు. దానికి కారణం దాణా తొట్టిలో ఉంది. చిక్కిపోయిందని రోజుకు మూడు కిలోల ఓట్స్, రెండు పూటలుగా పెడుతున్నాను. ఓట్స్‌లో దాదాపు 40 శాతం పిండిపదార్థమే, అంటే పూటకు 600 గ్రాములు. సున్నితమైన కడుపున్న గుర్రానికి పూటకు కిలో బరువుకు ఒక గ్రాము పిండిపదార్థం మించకూడదు. మా గుర్రానికి అది పూటకు 355 గ్రాములు. చిన్నపేగు అరిగించుకోలేకపోయిన పిండి పెద్దపేగులోకి దిగి పులుస్తుంది, ఆ పులుపుకు పీచును అరిగించే సూక్ష్మజీవులు చచ్చిపోతాయి. గుర్రం తిన్న గడ్డి నుంచి బలం తీసేది ఆ జీవులే. కనుక బలం కోసం పెట్టిన ఓట్సే దాని బలం తీసేశాయి. ఈ సంగతి తెలిసిన రోజు నేను చాలా బాధపడ్డాను.

ఓట్స్‌ను రోజుకు 200 గ్రాముల చొప్పున తగ్గిస్తూ 15 రోజుల్లో పూర్తిగా మానేశాను. బరువులో రెండు శాతం ఎండు మేత అన్న లెక్కన రోజుకు ఎనిమిది కిలోల ఎండుగడ్డి, కొక్కేనికి తగిలించే తూకంతో తూచి. అంతకుముందు మోపు చూసి ‘చాలు’ అనుకునేదాన్ని. మొదటిసారి తూచితే ఐదు కిలోలు కూడా లేదు. వల సంచుల్లో నాలుగు చోట్ల వేలాడదీసి, రాత్రంతా నములుతూ ఉండేలా చూశాను. గుర్రం కడుపులో ఆమ్లం రోజంతా ఊరుతూనే ఉంటుంది, నమిలితేనే లాలాజలం ఊరి దాన్ని చల్లారుస్తుంది. బరువు పెరగడానికి నానబెట్టిన బీట్ పల్ప్ (చక్కెర తీసిన బీట్ దుంప పిప్పి), అందులో 50 మిల్లీలీటర్లతో మొదలుపెట్టి మెల్లగా పెంచిన వంటనూనె, 35 గ్రాముల ఉప్పు, ఖనిజాల మిశ్రమం. గోధుమ తవుడు రోజూ పెట్టమనేవారు చాలామంది ఉన్నారు. అందులో భాస్వరం ఎక్కువ, కాల్షియం తక్కువ. రోజూ పెడితే ఎముకకు నష్టం.

దాణా మార్పుకు జాగ్రత్త పడేవారు కూడా గడ్డి మార్పును పట్టించుకోరు. కొత్త మోపు విప్పితే అదీ కొత్త మేతే. పాత గడ్డి అయిపోయే వరకు ఆగకుండా, రెండు వారాలు పాతదీ కొత్తదీ కలిపి పెట్టండి. మీరు నాలుగు నెలల్లో రెండుసార్లు దాణా మార్చారంటే ఆ సూక్ష్మజీవులకు కుదురుకునే వ్యవధే దొరకలేదని నా అనుమానం.

ఒక తేడా తప్పక గమనించండి. లద్దె మొత్తం పలుచగా ఉందా, లేక ఉండలు మామూలుగానే పడి వాటికి ముందో వెనుకో విడిగా నీళ్లు కారుతున్నాయా? రెండోది వేరే బాధ. దానికి నట్టలు కారణమని చెప్పలేం. మందలో మిగతావి పక్కకు నెట్టేసే గుర్రాల్లో అది ఎక్కువగా కనిపిస్తుంది. విడిగా, ప్రశాంతంగా మేసే వీలు కల్పించి చూడండి.

పళ్లు చూపించండి, లద్దెలో పొడుగాటి గడ్డి పోచలు కనిపిస్తే మరీ ముఖ్యం. ఇసుక నేల మీద మేస్తుంటే కొంచెం లద్దెను నీళ్లతో పాటు పారదర్శకమైన సంచిలో వేసి వేలాడదీయండి, అడుగున ఇసుక పేరుతుందేమో తెలుస్తుంది. కుంటికి నొప్పి తగ్గించే మందు ఫినైల్‌బ్యుటజోన్ చాలా రోజులుగా ఇస్తుంటే ఆ మాట వైద్యుడికి మొదటే చెప్పండి. ఆ మందు ఒక్కటే పెద్దపేగును పుండు చేయగలదు.

మాకు ఆరో వారంలో మొదటిసారి ఉండలు కట్టిన లద్దె పడింది. మర్నాడు మళ్లీ పలుచన. అలా ముందుకీ వెనక్కీ నడిచి, పూర్తిగా కుదురుకోవడానికి నాలుగు నెలలు పట్టింది. రోజూ లద్దె ఎలా ఉందో పుస్తకంలో ఒక్క ముక్క రాసిపెట్టడం వల్లే అది మెరుగవుతోందని నమ్మకం నిలిచింది, మధ్యలో కంగారుపడి మరో దాణాకు మారలేదు.

మీ గుర్రం టేపు కొలతలు, రోజుకు తూచిన గడ్డి, దాణాలో ఏమేమి ఎంతెంత, పట్టించిన మందుల పేర్లు, లద్దె పైన చెప్పిన రెండు రకాల్లో ఏదో ఇక్కడ రాయండి. దాణా లెక్క మీతో పాటు కూర్చుని వేస్తాను.