ఇంటి సందేహాలు: బట్టల మరకలకు, వాసనలకు వెనిగర్ వాడవచ్చా?

వానలు మొదలైనప్పటి నుంచి బట్టలు ఉతకడంలో వెనిగర్ వాడకం గురించి చాలా ఉత్తరాలు వస్తున్నాయి. వాటిలో నాలుగింటికి ఈసారి జవాబులు ఇస్తున్నాము.

ప్రశ్న: మా ఇంట్లో బోరునీళ్ళే దిక్కు. ఉతికిన తువ్వాళ్ళు ఆరేసరికి అట్టల్లా బిరుసెక్కుతున్నాయి. పిల్లల యూనిఫారాలు ముక్క వాసన వేస్తున్నాయి. మావారి పాలిస్టర్ చొక్కాలకు చంకల దగ్గర చెమట వాసన ఎంత ఉతికినా పోవడం లేదు. సబ్బుపొడితో పాటే వెనిగర్ కూడా పోస్తే అన్నీ పోతాయని మా తోటికోడలు చెబుతోంది. ఎంత పోయాలి, ఎప్పుడు పోయాలి?
– ఒక గృహిణి, నల్గొండ

జవాబు: అమ్మా, వంటకు వాడే తెల్ల వెనిగర్ అంటే సుమారు 4 నుంచి 5 శాతం ఎసిటిక్ ఆమ్లం కలిసిన నీళ్ళు. ఆమ్లానికి లొంగే మురికిని మాత్రమే అది వదిలిస్తుంది. మీరు చెప్పిన మూడు సమస్యలకూ కారణాలు వేరు కాబట్టి మూడింటికీ ఒకే మందు పనిచేయదు.

తువ్వాళ్ళ విషయంలో మీ తోటికోడలి మాట సగం నిజం. బోరునీటిలోని కాల్షియం, మెగ్నీషియం లవణాలు సబ్బుతో కలిసి తెట్టులా మారి నూలుపోగులకు పట్టుకుంటాయి. ఆ తెట్టును, దానితో పాటు పేరుకున్న సున్నపు పొరను వెనిగర్ బాగా కరిగిస్తుంది. అయితే దానిని సబ్బుపొడితో పాటు పోయకూడదు. సబ్బుపొడికి మురికిని వదిలించే బలం చాలావరకు దానిలోని క్షారం వల్ల వస్తుంది కనుక, ఆమ్లం కలిపితే ఆ బలం పోయి రెండూ వృథా అవుతాయి. బట్టల సబ్బు నురగలో పోస్తే ఇంకా నష్టం. సబ్బు విరిగి, అందులోని కొవ్వు జిడ్డుగా బట్టకే అంటుకుంటుంది.

అందువల్ల సబ్బు పూర్తిగా పోయేలా జాడించిన తరువాత, చివరి నీళ్ళలో 15 లీటర్ల బకెట్‌కు 100 మిల్లీలీటర్లు, అంటే ఒక చిన్న టీ గ్లాసుడు వెనిగర్ కలిపి, తువ్వాళ్ళను పది నిమిషాలు ఉంచి పిండి ఆరవేయండి. ఇంత పలుచన ద్రావణమైతే మళ్ళీ జాడించవలసిన పని లేదు. ఆరేటప్పుడు వెనిగర్ వాసన కూడా ఎగిరిపోతుంది. మీ నీళ్ళు బాగా ఉప్పునీళ్ళయితే, వాటిలోని బైకార్బొనేట్ లవణాలే కొంత వెనిగర్‌ను తినేస్తాయి కాబట్టి గ్లాసున్నర పోసినా తప్పు లేదు. ప్రతి ఉతుకుకూ ఇది అక్కరలేదు. తువ్వాలు మళ్ళీ బిరుసెక్కినప్పుడు చేస్తే చాలు. వాషింగ్ మెషీన్‌లో ఆమ్లం తరచుగా పోస్తే రబ్బరు భాగాలు దెబ్బతినే అవకాశం ఉంది. మీ మెషీన్‌తో ఇచ్చిన పుస్తకంలో వెనిగర్ వాడవద్దని ఉంటే ఆ మాటే పాటించి, ఈ పని బకెట్‌లోనే చేసుకోండి.

ముక్క వాసన బట్ట నెమ్మదిగా ఆరడం వల్ల, ఆ చెమ్మలో సూక్ష్మజీవులు పెరగడం వల్ల పుడుతుంది. చివరి నీళ్ళలో వెనిగర్ కలిపితే ఆ పూటకు తగ్గుతుంది. మరునాడు కూడా తలుపులు మూసిన గదిలో బట్ట మీద బట్ట వేసి ఆరేస్తే మళ్ళీ మొదలవుతుంది. ఉతికిన బట్టలను మెషీన్‌లో గంటల తరబడి వదిలేయకుండా, ఎడం ఎడంగా ఫ్యాను కింద ఆరేయడమే అసలు వైద్యం. పసిపిల్లల పక్కగుడ్డల మూత్రపు వాసన, చేపలు శుభ్రం చేసిన గుడ్డల నీచు వాసన మాత్రం క్షార గుణం ఉన్న పదార్థాల వల్ల వస్తాయి కాబట్టి, అక్కడ వెనిగర్ చక్కగా పనిచేస్తుంది.

ఇక చొక్కాల సంగతి. పాలిస్టర్ పోగు శరీరం నుంచి వచ్చే జిడ్డును పట్టి ఉంచుతుంది. ఆ జిడ్డును తిని సూక్ష్మజీవులు విడుదల చేసే దుర్వాసన పదార్థాలలో ముఖ్యమైనవి కొవ్వు ఆమ్లాలే. ఒక ఆమ్లాన్ని ఇంకొక ఆమ్లం అణచలేదు. ఇక్కడ వంటసోడా మేలు. అర బకెట్ నీళ్ళలో రెండు పెద్ద చెంచాల వంటసోడా కలిపి, చొక్కాలను తిరగదీసి గంటసేపు నానబెట్టి, ఆపైన సబ్బుపొడితో ఉతకండి. చెమట పట్టకుండా పూసుకునే డియోడరెంట్ల వల్ల చంకల దగ్గర తెల్లగా, గట్టిగా పెచ్చు కట్టి ఉంటే అది అల్యూమినియం లవణం కావచ్చు. దానికి మాత్రం ఒక వంతు వెనిగర్‌కు రెండు వంతుల నీళ్ళు కలిపి, ఉతకడానికి ముందు అరగంట తడిపి ఉంచి, శుభ్రంగా జాడించాలి. వంటసోడా, వెనిగర్ రెండూ కలిపి పోయమని చాలామంది చెబుతారు. బుసబుసమని పొంగడం చూసి శుభ్రపడుతోందని అనుకుంటాము. నిజానికి అవి ఒకదాన్నొకటి చంపుకుని, చివరికి మిగిలేది దాదాపు ఉప్పునీరే.

ప్రశ్న: తెల్ల చొక్కా మీద పప్పు ఒలికింది. సబ్బు రుద్దగానే పసుపు మరక ఎర్రగా మారింది. వెనిగర్ పోస్తే ఎరుపు పోయింది కానీ పసుపు అలాగే ఉంది. ఇంకా ఎక్కువ పోయాలా?
– ఒక విద్యార్థి, వరంగల్

జవాబు: వద్దు బాబూ. పసుపులోని కర్‌క్యుమిన్ అనే రంగు క్షారం తగిలితే ఎరుపుగానూ, ఆమ్లం తగిలితే పసుపుగానూ కనిపిస్తుంది. పెళ్ళిళ్ళలో పసుపూ సున్నమూ కలిపి ఎర్రని పారాణి చేసేది ఈ గుణం వల్లనే. నువ్వు వెనిగర్ పోసినప్పుడు ఆ రంగు మారిందే తప్ప మరక కదలలేదు. పప్పులో తాలింపు నూనె కూడా ఉంటుంది కనుక, ముందు గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చుక్కలు వేసి వేళ్ళతో రుద్ది జిడ్డు వదిలించు. తరువాత సబ్బుతో ఉతికి, మరక ఉన్న వైపు సూర్యుడికి ఎదురుగా ఉండేలా నేరుగా ఎండలో ఆరవేయి. కర్‌క్యుమిన్ వెలుతురుకు నిలవదు. ఒక ఎండకు పోకపోతే మళ్ళీ తడిపి ఆరేస్తే క్రమంగా పోతుంది.

ప్రశ్న: తెల్ల దుప్పట్లకు బ్లీచ్ వాడుతున్నాను. మరకలు త్వరగా పోవాలని అందులో కొంచెం వెనిగర్ కలపవచ్చా?
– ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: ఎట్టి పరిస్థితుల్లోనూ కలపవద్దు. బట్టల బ్లీచ్‌కైనా, బ్లీచింగ్ పౌడర్‌కైనా ఆమ్లం తగిలితే క్లోరిన్ వాయువు వెలువడుతుంది. గాలి ఆడని స్నానాలగదిలో అది కళ్ళను, గొంతును మండించి, ఊపిరితిత్తులను దెబ్బతీసి, ప్రాణం మీదికి తెస్తుంది. రెండింటినీ ఒకే రోజు, ఒకే బకెట్‌లో ఒకదాని తరువాత ఒకటిగా వాడటం కూడా మంచిది కాదు. బ్లీచ్ తడి బట్టలో ఉండగానే వెనిగర్ నీళ్ళలో ముంచినా ఇదే జరుగుతుంది. పొరపాటున ఎవరైనా కలిపి, ఘాటు వాసన, దగ్గు మొదలైతే, ఆ బకెట్‌ను శుభ్రం చేయడానికి ప్రయత్నించకుండా ఇంట్లో వాళ్ళందరూ వెంటనే బయటి గాలిలోకి రావాలి. కళ్ళు మండుతుంటే కనీసం పదిహేను నిమిషాలు నీళ్ళు పోస్తూ కడగాలి. ఊపిరి ఆడకపోయినా, దగ్గు తగ్గకపోయినా ఆలస్యం చేయకుండా 108కి ఫోన్ చేయాలి. హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో కూడా వెనిగర్‌ను కలపకూడదు. ఆ రెండూ కలిస్తే చర్మాన్ని, కళ్ళను కాల్చే పెరాసిటిక్ ఆమ్లం తయారవుతుంది.

ఇంకొక జాగ్రత్త కూడా చెప్పాలి. రసాయనాల దుకాణాల్లో దొరికే గాఢ ఎసిటిక్ ఆమ్లం చవకగా వస్తుందని తెచ్చి ఇంట్లో నీళ్ళు కలుపుకునే వాళ్ళు ఉన్నారు. అది ఒంటి మీద పడితే చర్మం కాలిపోతుంది. సీసా మీద ఆమ్ల శాతం రాసి ఉన్న వంట వెనిగర్ తప్ప మరేదీ వాడవద్దు. దానిని కూడా తాగే నీళ్ళ సీసాల్లోకి మార్చకుండా, పిల్లలకు అందని చోట పెట్టండి.

ప్రశ్న: పట్టుచీర మొదటిసారి ఉతికేటప్పుడు వెనిగర్ వేస్తే రంగు దిగదంటారు. కలంకారీ చీరకు కూడా అలాగే చేయవచ్చా?
– ఒక ఉపాధ్యాయిని, అనంతపురం

జవాబు: పట్టు నూలుకు పలుచని ఆమ్లం హాని చేయదు. పట్టుకు ఆమ్ల రంగులు అద్దేటప్పుడు వెనిగర్ వాడటమూ ఉంది. ఈ మాట అక్కడి నుంచే వచ్చి ఉండవచ్చు. అయితే అద్దకం సరిగా లేని చీరకు తరువాత వెనిగర్ పోసి రంగు నిలబెట్టడం కుదరదు. నూలుబట్టల రంగులను నిలబెట్టడానికైతే అది అసలే పనికిరాదు. పైగా మీ చీరకు జరీ ఉంటే, అందులోని రాగి తీగ ఆమ్లం తగిలి నల్లబడవచ్చు, పచ్చగా చిలుము పట్టవచ్చు. కాబట్టి జరీ చీరకు వెనిగర్ తగలనివ్వకండి. సహజ రంగులతో చేసిన కలంకారీలో నల్లరంగును ఇనుము, బెల్లం ఊరబెట్టిన కసిమితో వేస్తారు. ఆమ్లానికి ఆ నలుపు వెలిసిపోయే ప్రమాదం ఉంది. ఆ చీరను విడిగా, చల్లని నీళ్ళలో, ఘాటు లేని సబ్బునీటితో ఉతికి నీడన ఆరవేయండి. ముత్యపుచిప్ప గుండీలున్న జాకెట్టు కూడా వెనిగర్ నీళ్ళలో వేయకండి. ఆ గుండీలు సున్నపు పదార్థమే కనుక మెరుపు పోయి గరుకెక్కుతాయి.