ఇంట్లో బొగ్గులు మాత్రం వెలిగించకండి, మిగతా చలి సంగతి చూసుకోవచ్చు

టెక్సస్‌లో డాలస్ దగ్గర కొత్తగా దిగామని, వచ్చే వారం గడ్డకట్టే చలి అని హెచ్చరిక వచ్చిందని, హీటర్లకు వాడే ప్రొపేన్ గ్యాస్ సిలిండర్లు ఏ షాపులోనూ దొరకడం లేదని, ఇంట్లో ఆరు నెలల పాప ఉందని రాశారు. మీ టెన్షన్ నాకు బాగా అర్థమవుతుంది. 2021 ఫిబ్రవరి చలి తుఫానులో మేం డాలస్ పక్కనున్న ఫ్రిస్కోలో ఇద్దరు పిల్లలతో, ఆదిలాబాద్ నుంచి వచ్చిన మా మామయ్యగారితో రెండు రోజులకు పైగా కరెంటు లేకుండా ఉన్నాం.

మా హీటర్ గ్యాస్‌దే కదా, కరెంటు పోతే మనకేంటి అనుకుని ధైర్యంగా పడుకున్నాం. సోమవారం, అంటే 15వ తేదీ, తెల్లవారకముందే కరెంటు పోయింది. గ్యాస్ మండినా ఆ వేడిని గదుల్లోకి నెట్టే ఫ్యాన్ కరెంటుతో తిరగాలి కదా, అది అప్పుడు తెలిసొచ్చింది. గంటో రెండు గంటలో కోత అనుకుంటే రానే లేదు. మంగళవారం డాలస్‌లో మైనస్ 19 సెల్సియస్ దాకా పడిపోయింది. మా థర్మోస్టాట్ బ్యాటరీది కాబట్టి వెలుగుతూనే ఉంది, ఇంట్లో 5 డిగ్రీలు చూపించింది.

అప్పుడు గ్యాస్, కరెంటు రెండూ ఎందుకు కరువయ్యాయో తెలిస్తే ఎలా సిద్ధపడాలో కూడా తెలుస్తుంది. బావుల్లోంచి గ్యాస్‌తో పాటు నీళ్ళు కూడా వస్తాయి, ఆ నీళ్ళు గడ్డకట్టి బావులు మూసుకుపోయాయి, గ్యాస్‌ను పైపుల్లో తోసే కంప్రెసర్లలో చాలావాటికి కరెంటు కావాలి, కరెంటు తయారు చేసే ప్లాంట్లకేమో గ్యాస్ కావాలి, ఇలా ఒకటి ఆగితే రెండోది ఆగుతూ పోయింది. టెక్సస్ గ్రిడ్, అంటే కరెంటు సరఫరా చేసే లైన్ల వ్యవస్థ, చాలావరకు దేశంలోని మిగతా గ్రిడ్లతో సంబంధం లేకుండా విడిగా ఉంటుంది, అందుకే పక్క రాష్ట్రాల నుంచి పెద్దగా తెచ్చుకోలేకపోయారు. 45 లక్షలకు పైగా ఇళ్ళు, షాపులు, ఆఫీసులు చీకట్లో ఉండిపోయాయి. అందుకే హీటర్ గ్యాస్‌దా కరెంటుదా అని చూసుకుని నిశ్చింతగా ఉండొద్దు, రెండూ ఒకేసారి పోతాయనుకునే ఏర్పాట్లు చేసుకోండి.

ఇక బొగ్గుల సంగతి. మంగళవారం సాయంత్రం మా మామయ్యగారు గ్యారేజీలోని బార్బెక్యూ బొగ్గుల సంచి విప్పి, అల్యూమినియం ట్రేలో పేర్చి, అగ్గిపెట్టె చేత్తో పట్టుకుని హాల్లోకి వచ్చారు. "బిడ్డా, చిన్న కుంపటి పెడదాం, పిల్లలు వణుకుతున్నరు. మనూర్ల పెట్టుకోలేదా?" అన్నారు. నిజమే, వాళ్ళ ఊళ్ళో చలికాలమంతా కుంపటి చుట్టూ కూర్చునే చలి కాచుకుంటారు. కానీ అక్కడిది పెంకుటిల్లు, సందుల్లోంచి గాలి వస్తూ పోతూ ఉంటుంది. ఇక్కడి ఇళ్ళు గాలి దూరకుండా బిగించి కట్టినవి. బొగ్గుల్లోంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగుండదు, వాసనుండదు, నిద్ర వస్తున్నట్టే ఉంటుంది, ఇక లేవరు. "మామయ్యా, ఇక్కడ వద్దు, పిల్లలకు ప్రమాదం" అని ఇదంతా చెప్పాను. ఆయన ఇంకో మాట అనలేదు, ట్రే తీసుకెళ్ళి పెరట్లో మంచు మీద పెట్టి వచ్చారు. అదే వారం హ్యూస్టన్‌లో, వెచ్చదనం కోసం గ్యారేజీలో కారు ఆన్ చేసుకున్న ఇంట్లో తల్లీ కూతురూ చనిపోయారు. ఆ వార్త చదివి నేను చాలాసేపు మాట్లాడలేకపోయాను. గ్రిల్, బొగ్గులు, జనరేటర్, కారు, ఏదైనా సరే ఇంట్లో గానీ గ్యారేజీలో గానీ వద్దు, తలుపు తెరిచి ఉంచినా వద్దు. బ్యాటరీతో పనిచేసే కార్బన్ మోనాక్సైడ్ అలారం ఇవాళే కొనండి. ప్రొపేన్ హీటరైతే ఇంట్లో వాడొచ్చని దాని మీద రాసి ఉన్నదే వాడాలి, అదీ కిటికీ కొద్దిగా తెరిచి, మెలకువగా ఉన్నంతసేపే. చిన్న హీటర్లకు ఒక పౌండు సిలిండర్ సన్న మంట మీద అయిదారు గంటలు వస్తే ఎక్కువ, కాబట్టి సిలిండర్లు దొరకలేదని మరీ బెంగపడకండి.

మమ్మల్ని కాపాడింది ఒక్క గదే. ఇల్లంతా వదిలేసి, కిటికీలు తక్కువున్న చిన్న గదిలో అందరం చేరాం. తలుపు కింద తువ్వాళ్ళు కుక్కాం, కిటికీకి దుప్పటి కొట్టాం, పరుపు గోడకు దూరంగా నేల మీద వేశాం. అత్తయ్య పాత చీరలతో కుట్టి పంపిన బొంత ఒకటుంది, దాని కింద ఉన్న వెచ్చదనం షాపులో కొన్న ఏ కంఫర్టర్‌కూ లేదు. మా గ్యాస్ పొయ్యి అగ్గిపుల్లతో వెలిగింది. కిటికీ కొంచెం తెరిచి నీళ్ళు కాచుకుని, స్టీలు సీసాల్లో పోసి, మేజోళ్ళు తొడిగి కాళ్ళ దగ్గర పెట్టుకున్నాం. రెండు పూటలా అన్నం, మిరియాల చారు. గది వెచ్చగా ఉంటుందని పొయ్యి అలాగే మండనివ్వొద్దు, వంట కాగానే ఆపేయాలి. పాప మీద మాత్రం బరువైన బొంతలు కప్పకండి, ఊపిరాడదు. పల్చటి బట్టలు రెండు మూడు వరసలు, టోపీ వేసి, మీరు మెలకువగా ఉన్నప్పుడు గుండెకు ఆనించుకోండి, నిద్ర వస్తే ఇంకొకరికి ఇవ్వండి.

నీళ్ళ దగ్గరే మేం దెబ్బతిన్నాం. పైపుల్లో నీళ్ళు గడ్డకట్టకుండా కుళాయిలు సన్నగా కారనివ్వాలని, సింకు కింది తలుపులు తెరిచి ఉంచాలని తెలిసి కూడా వంటింటి బయటి గోడ వైపు మరిచిపోయాను. చలి తగ్గాక ఆ గోడలోంచి పేపర్ నలిపినట్టు చప్పుడు వచ్చింది, కాసేపటికి పెయింటు బుడగలా ఉబ్బి పగిలి నీళ్ళు వంటింట్లోకి వచ్చేశాయి. ఇంటికి వచ్చే నీళ్ళను ఆపే మెయిన్ వాల్వ్ ఎక్కడుందో మాకు తెలియదు, టార్చి పట్టుకుని వెతకడానికే ఇరవై నిమిషాలు పట్టింది. మీరు ఈరోజే పగలు వెళ్ళి ఆ వాల్వ్ ఎక్కడుందో చూసి, ఒకసారి మీ చేత్తో తిప్పి చూడండి. తిరగకపోతే ప్లంబర్‌ను ఇప్పుడే పిలవండి, చలి మొదలయ్యాక ఎవరూ దొరకరు. తాగడానికి, పాప పాలకు నాలుగైదు రోజుల నీళ్ళు పట్టి ఉంచుకోండి, కుళాయి నీళ్ళు కాచుకునే తాగాలని అప్పట్లో చాలా ఊళ్ళలో చెప్పారు.

దగ్గర్లో తెలిసినవాళ్ళుంటే, ఎవరింట్లో కరెంటు ఉంటే మిగతావాళ్ళు అక్కడికి రావాలని ఇప్పుడే మాట్లాడుకోండి. రోడ్డు మీద ఐసు పట్టాక పాపతో బయలుదేరడం మంచిది కాదు, వెళ్ళేదేదో ముందురోజే వెళ్ళిపోండి. మీరుండేది ఫ్రిస్కో వైపే అయితే నాకు మెసేజ్ పెట్టండి, మొహమాటపడకండి, మా ఇంట్లో చోటుంది.