బీడీలు చుట్టే చేతికి తిమ్మిరి: డాక్టరుకు ముందుగా చెప్పవలసిన మాట

మీ అత్తగారు ఇరవై ఏళ్లుగా బీడీలు చుడుతున్నారనీ, రాత్రిళ్లు కుడిచేతి వేళ్లు మొద్దుబారి నిద్ర లేస్తున్నారనీ రాశారు. మందులకు తగ్గడం లేదు, పని మాన్పించాలా అని అడిగారు. నేను డాక్టరును కాను. మా అమ్మ నిజామాబాద్ జిల్లాలో ముప్పై ఏళ్లు బీడీలు చుట్టింది. బడి నుంచి వచ్చాక నేనూ పక్కన కూర్చుని దారం కట్టేదాన్ని. మా ఇంట్లో జరిగింది చెబుతాను.

ఆమె ఏం పని చేస్తారో డాక్టరుకు చెప్పారా? మేము చెప్పలేదు. "ఏం పని చేస్తావమ్మా?" అని ఆయన అడిగితే, "ఏమీ లేదు సార్, ఇంట్లోనే ఉంటాను" అంది అమ్మ. వంట ముగిసినప్పటి నుంచి దీపాలు పెట్టే వేళ దాకా ఒడిలో చాటతో కూర్చునే మనిషి ఆమె! ఇంట్లో చుట్టేవారు కూడా కార్మికులేనని 1966 నాటి బీడీ కార్మికుల చట్టమే చెప్పింది. అమ్మ నోటికి మాత్రం ఆ మాట రాలేదు. అందుకే మెడకు ఎక్స్‌రే తీశారు, విటమిన్ మాత్రలు, నొప్పి బిళ్లలు ఇచ్చారు. రెండేళ్లు అలాగే పోయాయి. ఆ రెండేళ్లు తలచుకుంటే ఇప్పటికీ నాకు మనసు కలుక్కుమంటుంది.

తరువాత చూసిన డాక్టరు ఒకే ప్రశ్న అడిగారు: "చిటికెన వేలు కూడా తిమ్మిరెక్కుతుందా?" లేదు. బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు మాత్రమే. చేయి విదిలిస్తే కాస్త తగ్గేది. అప్పుడు అమ్మ కత్తెర పట్టినట్టు వేళ్లు ఆడించి తన పని చూపించింది. మణికట్టులో ఇరుకైన దారి ఒకటి ఉంటుందట. వేళ్లను ముడిచే తొమ్మిది స్నాయువులు (కండను ఎముకకు కలిపే తాళ్లలాంటివి), ఒక నరం అందులోంచే వెళ్లాలి. ఆ దారిలో వాపు వస్తే నలిగేది నరమే. దీన్నే కార్పల్ టన్నెల్ సిండ్రోమ్ అంటారు. షుగరు, థైరాయిడ్ ఉన్నవారికి ఇది వచ్చే అవకాశం ఎక్కువ కాబట్టి ఆ పరీక్షలు కూడా చేయించండి. అమ్మకు షుగరు ఉందని మాకు ఆ రోజే తెలిసింది.

మేము చుట్టడం వల్లే అనుకున్నాం, కానీ అమ్మ చేతిని ఎక్కువ బాధపెట్టింది కత్తెర. వెయ్యి బీడీలంటే వెయ్యి ఆకు ముక్కలు. ఆకు మీద కొలత రేకు పెట్టి ఒక్కో ముక్క కోయడానికి మూడు నాలుగు సార్లైనా కత్తెర నొక్కాలి. అమ్మ ఆ కోత అంతా ఒకే విడతలో, మణికట్టు వంచి ముగించేది. తరువాత దాన్ని మూడు విడతలు చేశాం. తునికాకు బాగా నానితేనే కత్తెర పట్టేది, కత్తెరకు తరచూ సాన పట్టించేవాళ్లం. కొన్ని నెలలు రోజుకు అయిదు వందలే చుట్టింది. కూలి సగమైంది, ఆ ఇబ్బంది చిన్నది కాదు. పూర్తిగా మానేయమని నేనెలా చెప్పగలను? మాన్పించినా, మాన్పించకపోయినా పీఎఫ్ కాగితాలు మాత్రం భద్రంగా ఉంచండి. తెలంగాణలో బీడీ కార్మికుల పింఛనుకు ఆ వివరాలు అడుగుతారు.

రాత్రిపూట మణికట్టు వంగకుండా, లోపల గట్టి పలక ఉన్న పట్టీ కట్టుకోమన్నారు. నిద్ర పట్టింది దానితోనే. అంతకుముందు మేము గుడ్డతో బిగించి కట్టేవాళ్లం, దానివల్ల తిమ్మిరి ఇంకా పెరిగేది. మీరు ఆ పని చేయకండి. నరం పరీక్ష చేశాక, ఆలస్యమైందని చిన్న ఆపరేషన్ చేశారు. తిమ్మిరి పోయింది. పట్టు మాత్రం పూర్తిగా రాలేదు, జాకెట్టు హుక్కు ఇప్పటికీ నేనే పెడతాను.

మీ అత్తగారికి తిమ్మిరి కాకుండా బొటనవేలి మొదట్లో, మణికట్టు అంచున నొప్పి ఉన్నా, వేలు ముడిస్తే టక్కున పట్టేసి తెరుచుకోకపోయినా అవి వేరే జబ్బులు, వాటి వైద్యం వేరు. ఏ వేలు, ఏ వేళ, ఏ పనిలో అన్నది ఆమెనే అడిగి కాగితం మీద రాసి తీసుకెళ్లండి.

ఈ రోజే ఆమె రెండు అరచేతులూ పక్కపక్కన పెట్టించి చూడండి. కుడి బొటనవేలి కింది కండ ఎడమ చేతి కండ కంటే చదునుగా కనిపిస్తే, వచ్చే నెల దాకా ఆగకుండా ఈ వారమే ఎముకల డాక్టరుకు చూపించండి.