దొరికిన పిల్లికి జబ్బు చేస్తే, అది మాదంటూ ఇద్దరు వస్తే

ఇంగ్లండుకు కొత్తగా వచ్చిన మనవారు అడిగే సందేహాల్లో వీసా, అద్దె ఇల్లు, పిల్లల బడి ముందుంటాయి. అరుదుగానే అయినా, వచ్చినప్పుడల్లా కంగారుగా వచ్చే ప్రశ్న మరొకటి ఉంది: "పెరట్లోకి వచ్చిన బక్కచిక్కిన పిల్లిని చేరదీశాము, ఇప్పుడు దానికి జబ్బు ముదిరింది. వైద్యం చేయిస్తుంటే పక్క వీధిలోని ఒకావిడ అది తనదంటున్నారు, దాని చర్మం కింద ఉన్న గుర్తింపు మైక్రోచిప్ నమోదులో చూస్తే ఇంకెవరిదో పేరు ఉంది. మేమేం చేయాలి?" నా సలహా ఏమిటంటే, నిజం తేలేదాకా ఆ పిల్లిని ఇంకొకరిదిగానే భావించి, మీ సంరక్షణలో ఉన్నంతకాలం మీ సొంత పిల్లికి చేసినంత శ్రద్ధగా వైద్యం చేయించండి. ఈ రెండింటికీ పొత్తు కుదరదనిపించవచ్చు గాని, యజమానిని వెదకడం కూడా ఆ పిల్లి వైద్యంలో భాగమే.

మన ఊళ్లలో గోడ దూకి వచ్చి చేపముల్లు తిని పోయే పిల్లికి యజమాని ఎవరని ఎవరూ అడగరు. ఇక్కడ పెంపుడు పిల్లులను బయట తిరగనివ్వడం మామూలు కాబట్టి, మీ పెరట్లో కనిపించిన పిల్లికి ఎక్కడో ఒక ఇల్లు ఉండే అవకాశమే ఎక్కువ. ఒకే పిల్లి మూడిళ్లలో మూడు పేర్లతో భోజనం చేయడమూ వింత కాదు. చట్టం దృష్టిలో పిల్లి ఒకరి ఆస్తి, 1968 నాటి దొంగతనాల చట్టం దానికీ వర్తిస్తుంది. దారితప్పిన కుక్కను స్థానిక కౌన్సిల్ పట్టుకుంటే 7 రోజులు ఉంచాలని 1990 నాటి పర్యావరణ చట్టంలో ఉంది గాని, పిల్లులకు అలాంటి గడువేదీ లేదు. అందువల్ల ఇన్నాళ్లు తిండి పెడితే పిల్లి మనదైపోతుందన్న లెక్క ఇక్కడ చెల్లదు. అయితే 2006 నాటి జంతు సంక్షేమ చట్టం ప్రకారం, తాత్కాలికంగానైనా ఒక జంతువు బాధ్యత తీసుకున్నవారు దాని అవసరాలు చూడాలి. అంటే తలుపు వేసి పిల్లిని లోపల ఉంచుకున్న నాటి నుంచి, హక్కు లేకపోయినా బాధ్యత మాత్రం మీ మీద పడుతుంది.

బక్కచిక్కి, బొచ్చు చెదిరి, ఆవురావురుమని తినే పిల్లిని చూడగానే ఎవరో వదిలేశారని అనుకుంటాము. వయసు మళ్లిన పిల్లుల్లో థైరాయిడ్ ఎక్కువైనా, మధుమేహం వచ్చినా సరిగ్గా ఇలాగే, ఎంత తిన్నా చిక్కిపోతూ ఉంటాయి. కిడ్నీలు దెబ్బతిన్న పిల్లి తిండి తగ్గించి నీళ్లు మాత్రం తెగ తాగుతుంది. మీరు దిక్కులేనిదనుకున్న పిల్లికి ఇంకో ఇంట్లో రోజూ ఇన్సులిన్ ఇస్తూ ఉండవచ్చు, మీరు జాలిపడి లోపల ఉంచుకున్న రోజులన్నీ దానికి మందు అందని రోజులు కావచ్చు. పాత వెటర్నరీ వైద్యుని దగ్గర ఉన్న దాని చరిత్ర దొరికితే కొత్త వైద్యునికి సగం పని తగ్గుతుంది. యజమాని కోసం వెదకడం చట్టానికి భయపడి చేసే పని మాత్రమే కాదని అందుకే అంటున్నాను.

ప్రాణం మీదికి వచ్చిన పరిస్థితిలో మాత్రం యజమాని కోసం ఆగవద్దు. నోరు తెరిచి రొప్పడం, మగపిల్లి మాటిమాటికీ ముక్కుతూ చుక్క మూత్రం కూడా పోయలేకపోవడం, వెనక కాళ్లు ఉన్నట్టుండి పడిపోవడం, ఇవన్నీ గంటల్లో తేలవలసిన విషయాలు. ఒకటి రెండు రోజులు ఏమీ తినకపోయినా, ముఖ్యంగా లావుగా ఉన్న పిల్లికి, కాలేయంలో కొవ్వు పేరుకొని ప్రమాదం వస్తుంది. ఈ దేశంలో వెటర్నరీ వైద్యులు రాత్రింబవళ్లు అత్యవసర ప్రథమ చికిత్స, నొప్పి నివారణ అందేలా ఏర్పాటు చేయాలన్నది వారి వృత్తి నియమం. అది దొరికిన పిల్లి అని ఫోనులోనే చెప్పండి, ఆ మాట వారి రికార్డులో నమోదు కావాలి.

మన ఇళ్లలో ఉన్న కొన్ని వస్తువులు పిల్లికి విషమని కూడా చెప్పాలి. ఒళ్లు వెచ్చగా ఉందని ఇండియా నుంచి తెచ్చుకున్న డోలో మాత్రలో ముక్క వేయకండి. పారాసెటమాల్ ఒక్క మాత్ర కూడా పిల్లిని చంపగలదు. ఉల్లి, వెల్లుల్లి దాని ఎర్ర రక్తకణాలను దెబ్బతీస్తాయి కాబట్టి సాంబారన్నం, పులుసన్నం పనికిరావు. చాలా పిల్లులకు పాలు అరగవు. కుక్కల పేలకు వాడే పర్మెత్రిన్ మందు, కుండీలో లిల్లీ పువ్వు, రెండూ ప్రాణాంతకాలే. పుండు మీద ఆముదం, పసుపు పూయాలనే మన పెద్దల అలవాటునూ పక్కన పెట్టండి, పిల్లి ఏది పూసినా నాకేస్తుంది.

ఇక యజమాని సంగతి. ఇంగ్లండులో 2024 జూన్ 10 నుంచి 20 వారాలు దాటిన పెంపుడు పిల్లికి చిప్ తప్పనిసరి. లేదని బయటపడి, ఇచ్చిన గడువులోనూ వేయించకపోతే 500 పౌండ్ల దాకా జరిమానా పడవచ్చు. వెటర్నరీ ఆసుపత్రుల్లో సాధారణంగా ఉచితంగానే స్కాన్ చేస్తారు. పేరు దొరికినా యజమాని చిరునామా మీకివ్వరు, ఆసుపత్రివారే ఆ యజమానికి ఫోను చేస్తారు. చిప్ లేకపోతే, "ఈ పిల్లి మీదైతే ఈ నంబరుకు చెప్పండి" అని రాసిన కాగితపు పట్టీని మెడకు కట్టే పద్ధతిని జంతు సంక్షేమ సంస్థలు సూచిస్తాయి, కానీ అది బయట తిరగగల పిల్లికే. మంచాన పడ్డ పిల్లి విషయంలో వీధిలో కాగితాలు అంటించి, చుట్టుపక్కల ఆసుపత్రులకు తెలియజేయండి. ప్రకటనలో ఫొటో వేసినా, కడుపు మీది మచ్చ లాంటి ఒక గుర్తును మాత్రం బయటపెట్టకండి. నాదే అని వచ్చినవారు దాన్ని చెప్పగలగాలి.

ఇద్దరు వచ్చినప్పుడు న్యాయమూర్తి పాత్ర మీరు వహించకండి. చిప్‌లో పేరున్నవారు నమోదైన సంరక్షకులే తప్ప, ఆ ఒక్కదానితోనే యజమానులని రుజువు కాదు. కొన్న రసీదు, దత్తత పత్రం, ఏళ్ల తరబడి వైద్యం చేయించిన రికార్డులు, పాత ఫొటోలు అన్నీ కలిపి చూస్తారు. పోలీసులు చాలావరకు ఇది సివిల్ వ్యవహారమంటారు. అలాగని తేలికగా తీసుకోవద్దు, 2024 ఆగస్టు నుంచి పిల్లిని యజమాని అదుపులోంచి తీసుకుపోవడం ప్రత్యేక నేరం, 5 ఏళ్ల దాకా శిక్ష ఉంది. సమంజసమైన కారణం ఉన్నవారికి చట్టంలో రక్షణ కూడా ఉంది, అయితే ఆ కారణాన్ని చూపించేవి మీ దగ్గరున్న కాగితాలే. వీసా మీద ఉన్నవారికి పోలీసులు అధికారికంగా నమోదు చేసే హెచ్చరిక (కాషన్) కూడా తరవాతి దరఖాస్తుల్లో చెప్పవలసిన విషయమే కాబట్టి, పిల్లి దొరికిన తేదీ, స్కాన్ చేయించిన తేదీ, ఎవరికి ఏమని మెసేజ్ పెట్టారన్నది భద్రపరచుకోండి. కొత్త చిప్ వేయించడం, పాత నమోదును మార్చబోవడం ఈ దశలో చేయకూడదు.

తగాదా తేలేలోపు పెద్ద ఆపరేషన్ గురించి నిర్ణయం అవసరమైతే ఇద్దరికీ ఒకే ఇమెయిల్ రాసి, వైద్యుడు ఏమన్నారో, ఎప్పటిలోగా జవాబు కావాలో, ఖర్చు ఎవరు భరిస్తారో అడగండి. పిల్లిని మధ్యలో అటూ ఇటూ తిప్పకుండా మందులు ఒక్కచోటే సాగేలా ఒప్పించగలిగితే సగం గెలిచినట్టే. జాలి వేరు, సంతకం వేరు: అంగీకార పత్రం మీద సంతకం పెట్టినవారి మీదికే సాధారణంగా బిల్లు వస్తుంది, కాబట్టి మొదటి చికిత్సకు ఎంతవరకు భరించగలరో ముందే చెప్పి ఆ మేరకే సంతకం చేయండి. పీడీఎస్‌ఏ వంటి, జంతువులకు వైద్యం చేసే ధార్మిక సంస్థల ఉచిత వైద్యం ప్రధానంగా ప్రభుత్వ భృతి పొందేవారికి ఉద్దేశించినది, మన వీసాల్లో చాలావాటికి ఆ భృతే లేదు. డబ్బు తిరిగి ఇచ్చేదాకా పిల్లిని ఇవ్వనని పట్టుబట్టడం నాకు సమ్మతం కాదు. రసీదులు పంపి మర్యాదగా అడగండి. ఇస్తే సంతోషం, లేకపోతే చిన్న మొత్తాల కోర్టు ఉంది గాని, ఆ కోర్టు ఫీజూ శ్రమా లెక్క వేసుకున్నాకే అటు వెళ్లండి.

చివరికి అందరూ తప్పుకొని పిల్లి మీ దగ్గరే ఉండిపోతే, వదులుకుంటున్నట్టు సంతకంతో కాగితం తీసుకొని చిప్ నమోదు మార్పించుకోండి. బీమా కంపెనీలు ముందే ఉన్న జబ్బుకు సాధారణంగా డబ్బు ఇవ్వవు. ఇంట్లో వేరే పిల్లి ఉంటే, రక్తపరీక్షలో ఎఫ్‌ఐవీ, ఎఫ్‌ఈఎల్‌వీ అనే, పిల్లి నుంచి పిల్లికి అంటుకునే వైరస్‌లు లేవని తేలేదాకా దీన్ని వేరే గదిలో ఉంచండి. అద్దె ఒప్పందంలో జంతువుల గురించి ఏముందో చూసి, ఇంటి యజమానికి మీ అంతట మీరే ముందు ఉత్తరం రాయండి.