టీచర్‌కీ, యూనివర్సిటీ ఉద్యోగికీ ఒకే ఎడ్యుకేషనల్ లీడర్‌షిప్ మాస్టర్స్ పనికొస్తుందా?

మీరు అడిగింది నాకు అర్థమైనంతవరకు ఇదండీ: మీరు అమెరికాలో మిడిల్ స్కూల్‌లో లెక్కలు చెబుతున్నారు, అసిస్టెంట్ ప్రిన్సిపల్ కావాలని ఉంది. మీ వారు ఒక యూనివర్సిటీలో విద్యార్థుల హాస్టళ్లు చూసుకునే విభాగంలో పనిచేస్తున్నారు. ఇద్దరూ కలిసి ఒకే ఆన్‌లైన్ ఎడ్యుకేషనల్ లీడర్‌షిప్ మాస్టర్స్‌లో చేరితే సరిపోతుందా అని.

ఒకే యూనివర్సిటీలో చేరండి, పర్వాలేదు. ఒకే ట్రాక్‌లో, అంటే డిగ్రీలోని ఒకే శాఖలో, మాత్రం వద్దు. నేను టీచర్ ఉద్యోగం చేస్తూనే ఈ డిగ్రీ చేశాను. మా బ్యాచ్‌లో స్కూల్ టీచర్లతో పాటు కాలేజీల్లో స్టూడెంట్ అఫైర్స్‌లో (హాస్టళ్లలాంటి, పాఠాలు కాని విద్యార్థి వ్యవహారాలు చూసే విభాగం) పనిచేసేవాళ్లు కూడా ఉండేవారు. కొన్ని క్లాసులు కలిపి, కొన్ని విడివిడిగా జరిగేవి. అందుకని రెండో వైపు సంగతులు కూడా కొంత తెలుసు.

ముందు మీ విషయం. మీకు డిగ్రీ కన్నా లైసెన్సు ముఖ్యం. పబ్లిక్ స్కూళ్లలో ప్రిన్సిపల్, అసిస్టెంట్ ప్రిన్సిపల్ పోస్టులకు చాలా రాష్ట్రాలు అడ్మినిస్ట్రేటర్ లైసెన్సు అడుగుతాయి. నిబంధనలు రాష్ట్రానికో రకం. టెక్సాస్‌లో 2 ఏళ్ల టీచింగ్ అనుభవం ఉండాలి, న్యూయార్క్‌లో 3, కాలిఫోర్నియాలో 5. వీటికి తోడు పరీక్షలు. చిక్కు ఎక్కడ వస్తుందంటే, ఒకే యూనివర్సిటీలో ఎడ్యుకేషనల్ లీడర్‌షిప్ పేరుతోనే లైసెన్సు వచ్చే ట్రాక్ ఒకటి, రానిది ఒకటి ఉంటాయి. రెండోది కాస్త సులువుగా ఉంటుంది, ఇంటర్న్‌షిప్ గొడవ ఉండదు, అడ్మిషన్ వాళ్లు ఫోన్‌లో దాన్నే ముద్దుగా చెబుతారు. పక్క రాష్ట్రం ఆన్‌లైన్ కోర్సయితే మరీ జాగ్రత్త. లైసెన్సు కోసం నడిపే కోర్సు ఏ రాష్ట్రాల నిబంధనలకు సరిపోతుందో యూనివర్సిటీలు బయటపెట్టి తీరాలని ఫెడరల్ రూల్ ఉంది. వాళ్ల వెబ్‌సైట్‌లో ఆ పేజీ వెతికి మీ రాష్ట్రం పేరు ఉందో లేదో చూసుకోండి. ఫోన్‌లో చెప్పిన మాట నమ్ముకోవద్దు.

ఇక ఇంటర్న్‌షిప్. నన్నడిగితే ఈ డిగ్రీ విలువలో ముప్పాతిక వంతు అందులోనే ఉంది. అందరూ గంటల లెక్క అడుగుతారు. ఆ గంటల్లో మీ చేత ఏం పని చేయిస్తారో అడగండి. చాలామందికి అది బస్సుల దగ్గర నిలబడటం, లంచ్ డ్యూటీ చేయడం, పరీక్షల పెట్టెలు సర్దడంతోనే గడిచిపోతుంది. నా అదృష్టం, నాకు మెంటార్‌గా ఉన్న ప్రిన్సిపల్ మరుసటి ఏడాది స్కూల్ టైమ్‌టేబుల్ తయారీలో నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నారు. టీచర్‌గా అన్నేళ్లున్నా దాని లోతు నాకు తెలీదు. ముందుగా రోజుకి ఒక్క సెక్షనే ఉండే సబ్జెక్టుల్ని గళ్లలో పెట్టాలి. బ్యాండ్, అంటే వాద్య సంగీతం క్లాసు, ఒక్క పీరియడే ఉందనుకోండి, ఆ పిల్లలందరూ మిగతా రోజంతా ఒక గుంపుగా కదులుతారు, చివరికి ఒకే లెక్కల సెక్షన్‌లో వచ్చి పడతారు. స్పెషల్ ఎడ్యుకేషన్ టీచర్ ఒక్కరే రెండు గ్రేడ్‌లకు ఉంటే ఇంకో ముడి. 'ఆ సెక్షన్‌లోనే ఎందుకిలా ఉంది' అని మనం స్టాఫ్ రూమ్‌లో గొణుక్కునేవాటిలో సగానికి జవాబు ఆ గళ్లలోనే దొరుకుతుంది.

ఇంకో మంచి క్లాసు, టీచర్ల పాఠాన్ని పరిశీలించడం. మా ప్రొఫెసర్ 'పిల్లలు శ్రద్ధగా ఉన్నారు' అని రాయనిచ్చేవారు కాదు. శ్రద్ధ మీకు ఎక్కడ కనిపించింది, ఏం చూశారో, ఏం విన్నారో అది రాయండి అనేవారు. టీచర్ 10 నిమిషాల్లో 14 ప్రశ్నలు అడిగారు, 11 జవాబులు కిటికీ పక్క వరస నుంచే వచ్చాయి. అలా రాసి చూపిస్తే ఎదుటి టీచర్ వాదనకు దిగరు, తనే ఆ కాగితం వైపు చూస్తూ ఉండిపోతారు. ఇది వింటే చిన్న సంగతే, అలవాటు కావడానికి మాత్రం చాలా కాలం పట్టింది.

మీ వారి దారి వేరు. స్టూడెంట్ అఫైర్స్‌కి రాష్ట్రం ఇచ్చే లైసెన్సు లేదు. అక్కడ పైమెట్టు ఎక్కాలంటే మాస్టర్స్ డిగ్రీ, దాంతోపాటు రకరకాల విభాగాల్లో పనిచేసిన అనుభవం చూస్తారు. కాబట్టి ప్రిన్సిపల్ ట్రాక్‌లో కూర్చుని స్కూల్ బడ్జెట్, టీచర్ల మూల్యాంకనం చదివితే ఆయనకు పెద్దగా ఒరిగేదేమీ లేదు. హయ్యర్ ఎడ్యుకేషన్ లేదా స్టూడెంట్ అఫైర్స్ ట్రాక్‌లో ఉండేవి వేరు: విద్యార్థి ఎదుగుదల గురించి చికరింగ్ అనే పరిశోధకుడు చెప్పిన 7 దిశలు, పిల్లలు చదువు మధ్యలో ఎందుకు మానేస్తారన్న దానిపై టింటో అనే మరో పరిశోధకుడి సిద్ధాంతం, కౌన్సెలింగ్ మెళకువలు, క్రమశిక్షణ కేసుల విచారణ. హాస్టల్ గొడవల మధ్య పనిచేసే మనిషికి ఇవి మర్నాడే అక్కరకొస్తాయి. పూర్తికాలం చదివే వీలుంటే గ్రాడ్యుయేట్ అసిస్టెంట్‌షిప్ కూడా దొరుకుతుంది, వారానికి సుమారు 20 గంటల పని, బదులుగా ఫీజు మాఫీ, కొంత స్టైపెండ్. కానీ ఆయనకు ఇప్పటికే ఉద్యోగం ఉంది కాబట్టి సొంత యూనివర్సిటీలో ఉద్యోగులకు ఫీజు రాయితీ ఉందేమో ముందు కనుక్కోమనండి. ఉంటే బయటి ఆన్‌లైన్ కోర్సు గురించి ఆలోచించడమే దండగ.

అయితే కలిపి జరిగే క్లాసు ఒక్కటైనా ఉన్న చోటే చేరండి. మాకు చట్టాల క్లాసు కలిపి ఉండేది. విద్యార్థుల రికార్డుల గోప్యత మీద 1974లో వచ్చిన ఫెర్పా చట్టం చెబుతున్న రోజు ఇద్దరేసి చొప్పున మాట్లాడించారు. నాది ఒక తండ్రి పాత్ర, కాలేజీ ఆఫీసుకు ఫోన్ చేసి మా అబ్బాయి గ్రేడ్‌లు చెప్పమంటాను. ఎదురుగా ఉన్నావిడ నిజంగానే కాలేజీలో అడ్వైజింగ్‌లో, అంటే విద్యార్థులకు చదువు విషయంలో సలహాలిచ్చే విభాగంలో, పనిచేస్తుంది. ఎంత గట్టిగా అడిగినా, 'మీ ఆందోళన అర్థమైంది, ముందు మీ అబ్బాయితో మాట్లాడి రాతపూర్వకంగా అనుమతి తీసుకుంటాను' అంటుందే తప్ప గ్రేడ్ మాట ఎత్తదు. టీచర్లందరికీ ఒళ్లు మండిపోయింది. స్కూల్లో తల్లిదండ్రులకు చెప్పకపోతే తప్పు కదా మరి! 18 ఏళ్లు నిండినా, అంతకు ముందే కాలేజీలో చేరినా రికార్డుల మీద తల్లిదండ్రులకున్న హక్కు విద్యార్థికే వెళ్తుంది. పన్నుల లెక్కలో తల్లిదండ్రుల మీద ఆధారపడ్డ విద్యార్థయితే కాలేజీ చెప్పొచ్చు, చెప్పి తీరాలని మాత్రం లేదు. ఆ రోజు తర్వాత పన్నెండో తరగతి పిల్లల తల్లిదండ్రులతో మాట్లాడే తీరు మార్చుకున్నాను. వచ్చే ఏడాది నుంచి మీకు ఎవరూ ఫోన్ చేయరు, ఇప్పుడే పిల్లవాడితో ఒక ఒప్పందానికి రండి అని చెబుతుంటాను.

ప్రమాణాల గురించి అడిగారు. స్కూల్ లీడర్లకు ఒక జాబితా, స్టూడెంట్ అఫైర్స్ వాళ్లకు ఆక్‌పా, నాస్పా సంఘాలు కలిసి సవరించిన మరో జాబితా ఉన్నాయి. రెండూ 2015లోనే వచ్చాయి, రెండింట్లోనూ పదేసి అంశాలే, కాకతాళీయమేననుకోండి. కోర్సు సిలబస్ పక్కన పెట్టి చూసుకోవడానికి పనికొస్తాయి, బట్టీ పట్టేవి కావు.

మాస్టర్స్‌తో జీతం పెరుగుతుందా అంటే, చాలా స్కూల్ డిస్ట్రిక్టుల జీతాల పట్టికలో మాస్టర్స్‌కి వేరే వరస ఉంటుంది. కొన్నిచోట్ల చేరకముందే అనుమతి తీసుకోమంటారు కాబట్టి హెచ్‌ఆర్‌కి ఒక మెయిల్ పెట్టండి.

నేరుగా ఈడీడీకి, అంటే విద్యారంగంలో డాక్టరేట్‌కి, వెళ్లాలా అన్నది మీ ఆఖరి ప్రశ్న. అసిస్టెంట్ ప్రిన్సిపల్ పోస్టుకి అవసరం లేదు. మీరు సూపరింటెండెంట్ (స్కూల్ డిస్ట్రిక్టు మొత్తానికి అధిపతి) కావాలనో, మీ వారు డీన్ కావాలనో అనిపిస్తే, ఆ పనికి దగ్గర్లో కొన్నేళ్లు ఉన్నాక ఆలోచించండి. ఈడీడీలో ఉద్యోగంలో ఎదురయ్యే నిజమైన సమస్య ఒకటి తీసుకుని దానిమీద పరిశోధన చేయాల్సి ఉంటుంది, ఆ సమస్య ముందు మీ చేతికి రావాలి కదా.