అటక మీద యుద్ధకాలపు రివాల్వర్: ధర కంటే ముందు బోరు చూడాలి

ప్రశ్న: మా తాతగారు రెండో ప్రపంచ యుద్ధకాలంలో సైన్యంలో పనిచేశారు. 1991లో కాలం చేశారు. ఈ మధ్య పాత పెంకుటిల్లు విప్పిస్తుంటే అటక మీది ట్రంకు పెట్టెలో నూనెగుడ్డలో చుట్టిన రివాల్వర్, ఐదు తూటాలు, ఒక లైసెన్సు పుస్తకం దొరికాయి. పుస్తకంలో ‘.38 రివాల్వర్’ అని మాత్రమే ఉంది. ఆఖరి రెన్యువల్ 1988. తుపాకీ కుడివైపు ‘ఎన్‌ఫీల్డ్, నం. 2, మార్క్ 1 స్టార్, 1941’ అని చెక్కి ఉంది. మా బావమరిది ఫొటో తీసి వాట్సాప్ గ్రూపులో ‘ఎవరికైనా కావాలా’ అని పెడితే ఒకాయన 3 లక్షలిస్తానంటున్నాడు. ఎనభై ఏళ్లు దాటిన పురాతన వస్తువు కాబట్టి లైసెన్సు అక్కర్లేదట. అమెరికాలో ఉన్న తమ్ముడు అక్కడ ఇంకా ఎక్కువ పలుకుతుంది, పంపమంటున్నాడు. దీని విలువ ఎంత? మేం ఉంచుకోవచ్చా, అమ్మొచ్చా? – ఒక పాఠకుడు, పశ్చిమ గోదావరి జిల్లా

జవాబు: మీ ఇంట్లో ఇప్పుడు అన్నిటికంటే ప్రమాదకరమైనది ఆ రివాల్వర్ కాదు, బావమరిది పెట్టిన ఆ ఫొటో.

ఆయుధాల చట్టం, 1959లోని సెక్షన్ 5 లైసెన్సు లేకుండా ఆయుధం అమ్మడాన్నే కాదు, అమ్మకానికి చూపడాన్నీ, అమ్ముతామని ప్రతిపాదించడాన్నీ కూడా నిషేధిస్తుంది. 2019 సవరణ తర్వాత దీనికి శిక్ష సెక్షన్ 25(1) కింద ఏడేళ్లకు తగ్గకుండా యావజ్జీవం దాకా ఉంది. ఊరికే ఇంట్లో ఉంచుకున్నందుకు సెక్షన్ 25(1-బి)(ఎ) కింద పడేది రెండు నుంచి ఐదేళ్లు. అటక మీద ఉన్నంతకాలం చిన్నగా ఉన్న నేరాన్ని ఆ ఒక్క మెసేజి ఎంత పెద్దది చేసిందో చూడండి. కాబట్టి అదే గ్రూపులో ‘అమ్మే ఉద్దేశం లేదు, పోలీసులకు అప్పగిస్తున్నాం’ అని ఇవాళే రాయించండి. పాత మెసేజిని మాత్రం చెరిపేయొద్దు. చెరిపితే దాచిపెట్టినట్టు కనబడుతుంది, పైగా అవతలివాళ్ల ఫోన్లలో అది ఉండనే ఉంటుంది. ఆ 3 లక్షల పెద్దమనిషితో మళ్లీ మాట్లాడకండి. సరైన లైసెన్సు ఉన్నవాడు వాట్సాప్‌లో బేరమాడడు.

ఇక ‘పురాతన వస్తువు’ వాదన. దీనికి ఆధారం సెక్షన్ 45(సి). కాలం చెల్లిన నమూనా, పురాతన విలువ ఉన్నది, లేదా పాడైపోయినది అయిన ఆయుధానికి చట్టం వర్తించదని అది చెబుతుంది. జనం అక్కడిదాకా చదివి ఆగిపోతారు. ఆ వాక్యం చివర ‘మరమ్మతు చేసినా, చేయకపోయినా తుపాకీగా వాడటానికి వీల్లేనిది’ అన్న షరతు ఉంది. కాబట్టి వయసు ఒక్కటే చాలదు. స్ప్రింగు విరిగినా, తుప్పు పట్టినా, ఫోరెన్సిక్ ల్యాబులో స్ప్రింగు మార్చి పేల్చగలిగితే మినహాయింపు పోయినట్టే. నూనెగుడ్డలో ఉన్న 1941 ఎన్‌ఫీల్డ్ పేలదని ఏ నిపుణుడూ రాసివ్వడు. దీని వరసకు చెందిన వెబ్లీ (బ్రిటిష్ తుపాకుల కంపెనీ) డిజైన్ మీద ఆధారపడిన .32 రివాల్వర్‌ను మన కాన్పూర్ కర్మాగారం ఈ మధ్యకాలం దాకా తయారు చేస్తూనే ఉంది. అలాంటప్పుడు కాలం చెల్లిన నమూనా అనడం కూడా కష్టం. 1972 పురావస్తువుల చట్టం కూడా ఆదుకోదు. అందులో నూరేళ్లు నిండాలి, మీదానికి 2041 దాకా ఆగాలి. నిండినా ఆ చట్టం ఎగుమతికి అడ్డుపడుతుందే తప్ప తుపాకీ లైసెన్సును మాఫీ చేయదు. గొట్టంలో వెల్డింగు చేయించి ‘షోపీసు’గా మార్చేద్దామన్న ఆలోచన ఉంటే మానుకోండి. ఆయుధాన్ని మార్చడానికీ, మరమ్మతుకూ కూడా సెక్షన్ 5 లైసెన్సు అడుగుతుంది. నంబరు చెరిపితే సెక్షన్ 8 అదనం.

అసలు చిక్కు బోరులో, అంటే గొట్టం లోపలి కొలతలో ఉంది. తాతగారి పుస్తకంలో ‘.38’ అని రాసిన గుమస్తాను తప్పుపట్టలేం, ఆ రోజుల్లో అందరూ అలాగే రాసేవారు. కానీ .38 పేరుతో రెండు వేరు తూటాలున్నాయి. .38 స్పెషల్ పొడవైనది, కాస్త సన్ననిది. బ్రిటిష్ సైన్యం వాడిన .380 పొట్టిది, కాస్త లావైనది. .38 ఎస్ అండ్ డబ్ల్యూ (స్మిత్ అండ్ వెసన్) అని అమెరికన్లు పిలిచేది కూడా దాని కొలతలదే. మీ ఎన్‌ఫీల్డ్ ఈ .380 రకం. ఆయుధాల రూల్స్ మొదటి షెడ్యూలులో కేటగిరీ 1(సి) కిందకు .380 లేదా .455 రిమ్ ఉన్న తూటాలు పట్టి, పేల్చగల ‘ఏ బోరు’ పిస్టలైనా రివాల్వరైనా వస్తుంది. వ్యవహారంలో ప్రొహిబిటెడ్ బోర్, ‘పీబీ’ అనేది ఇదే. షెడ్యూలు చూసేది పేరును కాదు, ఏ తూటా పడుతుందన్నదాన్ని.

దీంతో యుద్ధకాలపు రివాల్వర్లు సేకరించేవాళ్లకు ప్రియమైనవి దాదాపు అన్నీ మన దగ్గర పీబీ అయిపోతాయి. 1915లో వచ్చిన వెబ్లీ మార్క్ 6 గొట్టం 6 అంగుళాలు, పిడి చివర చతురస్రంగా వెడల్పయి ఉంటుంది, ఎడమవైపు సంవత్సరం ఉంటుంది. అది .455. ఎన్‌ఫీల్డ్ నం. 2 గొట్టం 5 అంగుళాలు, 1932లో సైన్యంలోకి వచ్చింది. స్టార్ గుర్తుంటే హ్యామర్ (తూటాను పేల్చే సుత్తి) వెనక బొటనవేలితో లాగే కొమ్ము ఉండదు, ట్రిగ్గర్ నొక్కితేనే పేలుతుంది. ట్యాంకుల్లో ఎక్కి దిగేటప్పుడు ఆ కొమ్ము తగులుకుంటోందని తీసేశారంటారు. రెండు స్టార్లుంటే 1942 తర్వాతి యుద్ధపు తొందర: హ్యామర్‌కు ఉండాల్సిన రక్షణ అడ్డును కూడా తీసేశారు, తూటాలు నింపి కింద పడితే పేలే ప్రమాదం ఉన్న రకం. వెబ్లీ మార్క్ 4 చూడటానికి ఎన్‌ఫీల్డ్ కవల పిల్లలా ఉంటుంది, ‘వార్ ఫినిష్’ అని ముద్ర ఉంటే మెరుగు పెట్టే తీరిక లేక వదిలేసినది. స్మిత్ అండ్ వెసన్ విక్టరీ మోడల్ నంబరు ‘వీ’ అక్షరంతో మొదలవుతుంది, పిడి అడుగున తాడు రింగుంటుంది. బ్రిటిష్ వాళ్లకిచ్చినవి .380 తూటాకే సరిపోతాయి, అమెరికా తన నౌకాదళం లాంటి వాటికి ఉంచుకున్నవి .38 స్పెషల్. యుద్ధం తర్వాత కొందరు వ్యాపారులు బ్రిటిష్ విక్టరీల సిలిండర్‌లో తూటాలు కూర్చునే గదులను లోపలికి తొలిచి .38 స్పెషల్ పట్టేలా చేశారు. వెడల్పు గదిలో సన్న తూటా పేలి ఇత్తడి డొక్క ఉబ్బుతుంది, చీలుతుంది కూడా. అలా తొలిచిన దాన్ని సేకరణదారు సగం ధరకూ అడగడు, షెడ్యూలు ప్రకారం మాత్రం అది పీబీగానే ఉండిపోతుంది. కాన్పూర్ .32 మాత్రం పీబీ కాదు. దూరం నుంచి చూసి ‘తాతగారి వెబ్లీ’ అని భయపడి వచ్చేవాళ్లలో కొందరి దగ్గర ఉండేది ఇదే. పక్కమాటగా చెప్పాలంటే, ఎన్‌ఫీల్డ్ తమ డిజైన్ కాపీయేనని వెబ్లీ కంపెనీ బ్రిటిష్ ప్రభుత్వం మీద దావా వేసి ఓడింది. చివరికి 1,250 పౌండ్ల పరిహారంతో సరిపెట్టుకుంది.

ఫొటోలో కాకుండా ఎదురుగా చూడాల్సిన ముద్ర మరొకటుంది. బాణం గుర్తు ప్రభుత్వ ఆస్తికి చిహ్నం. రెండు బాణాలు ములుకూ ములుకూ తాకించి ఎదురెదురుగా కొట్టి ఉంటే ప్రభుత్వమే దాన్ని సర్వీసు నుంచి తీసేసి అమ్మిందని అర్థం. అది సేకరణదారుకు విలువ, మీకు సాక్ష్యం. లేకపోతే ‘ఇది సర్కారు ఆస్తి, ఇంటికెలా వచ్చింది’ అన్న ప్రశ్న రావచ్చు. 1988 దాకా రెన్యువలైన పుస్తకం అప్పుడు మీకు బాగా అక్కరకొస్తుంది. దాన్ని జాగ్రత్త చేయండి, జిరాక్సులు తీయించండి.

ఇప్పుడు చేయాల్సింది. రివాల్వర్‌ను తెరవకండి, తుడవకండి, ట్రిగ్గర్ నొక్కి చూడకండి. సిలిండర్ వెనక సందులో పక్కనుంచి చూస్తే ఇత్తడి అంచులు కనబడితే లోపల తూటాలున్నట్టు. కనబడకపోయినా ఉన్నట్టే లెక్క. సంచీలో వేసుకుని బండి మీద ఠాణాకు తీసుకెళ్లొద్దు, దారిలో తనిఖీలో దొరికితే మీ మాట ఎవరూ వినరు. మీ వకీలు ద్వారా స్టేషన్ హౌస్ ఆఫీసరుకు లిఖితపూర్వకంగా తెలపండి, ఒక ప్రతి జిల్లా కలెక్టరుకు పంపండి. కమిషనరేట్లలో అయితే పోలీసు కమిషనర్‌కు. దొరికిన తేదీ, చోటు, ఎవరెవరి ముందు, తూటాలెన్ని, లైసెన్సు నంబరు రాయండి. సెక్షన్ 21 కింద డిపాజిట్ చేస్తున్నామని, వచ్చి స్వాధీనం చేసుకోమని కోరండి. లైసెన్సు గడువు ముగిసినా, మరే కారణం చేత అయినా స్వాధీనం చట్టవిరుద్ధమైతే ‘అనవసర జాప్యం లేకుండా’ అప్పగించాలన్నది ఆ సెక్షన్. ఇల్లు విప్పిన మేస్త్రీ, కూలీల పేర్లు చేర్చండి. సుప్రీంకోర్టు గున్వంత్‌లాల్ కేసులో (1972) చెప్పినట్టు స్వాధీనమంటే తెలిసి ఉంచుకోవడం. మీకు తెలిసింది ఇప్పుడే కాబట్టి లెక్క ఆ రోజు నుంచే మొదలవుతుంది. నెలల తరబడి ఆలస్యమైతే ఈ వాదన పలచబడుతుంది. రసీదులో తయారీ, మార్కు, సంవత్సరం, నంబరు, బోరు, తూటాల సంఖ్య, తిరిగి తీసుకునే గడువు స్పష్టంగా రాయించుకోండి. బోరు దగ్గర ఉత్త ‘.38’ రాస్తే ఒప్పుకోవద్దు.

అప్పగించినా కేసు పెట్టరని మాట ఇవ్వలేను. సెక్షన్ 3 ఉల్లంఘనకు, అంటే లైసెన్సు లేకుండా ఉంచుకున్నందుకు, ప్రాసిక్యూషన్ కావాలంటే సెక్షన్ 39 ప్రకారం జిల్లా మెజిస్ట్రేట్ (అంటే కలెక్టరే) ముందస్తు అనుమతి ఉండాలి. కలెక్టరుకు ప్రతి పంపమన్నది అందుకే. ‘పీబీ’ అన్న మాట వినగానే సెక్షన్ 7, 25(1-ఎ) కూడా తగిలించే పోలీసులున్నారు. అవి ‘నిషిద్ధ ఆయుధాల’ సెక్షన్లు, శిక్ష ఏడు నుంచి పద్నాలుగేళ్లు. చట్టం నిర్వచించిన నిషిద్ధ ఆయుధం వేరు, రూల్స్ షెడ్యూలులోని నియంత్రిత బోరు వేరు అని మీ వకీలు మొదటి రోజే పట్టుబట్టాలి. వాట్సాప్ మెసేజి ఉంది కాబట్టి బీఎన్‌ఎస్‌ఎస్ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) సెక్షన్ 482 కింద ముందస్తు బెయిలు కాగితాలు సిద్ధం చేసుకుని వెళ్లడం మంచిది.

ఉంచుకోవాలంటే దారి లేకపోలేదు. 2016 రూల్స్‌లోని రూల్ 25 చనిపోయిన లైసెన్సుదారు వారసుడికి లైసెన్సు ఇవ్వొచ్చంటుంది. అయితే పీబీ కాబట్టి దరఖాస్తు కలెక్టరు దగ్గర ఆగదు, కేంద్ర హోం శాఖ దాకా వెళ్లాలి. కలెక్టరేట్ మెజిస్టీరియల్ సెక్షన్‌లో తాతగారి లైసెన్సు రిజిస్టరు నకలు సమాచార హక్కు కింద అడగండి. యూఐఎన్ (ప్రతి లైసెన్సుకూ ఇచ్చే ప్రత్యేక గుర్తింపు సంఖ్య) లేని పాత పుస్తకం లైసెన్సుగా ఇప్పుడు చెల్లదు, సాక్ష్యంగా మాత్రం చెల్లుతుంది. ఇంట్లో ఎవరికైనా ఇప్పటికే రెండు తుపాకులుంటే ఆయన పేర అడగొద్దు, పరిమితి రెండే, వారసత్వానికి మినహాయింపు లేదు. నా అనుభవంలో రిటైర్డు సైనికాధికారి కుటుంబాలకు కూడా పీబీ దరఖాస్తు నెమ్మదిగా నడిచే వ్యవహారం. గడువులోపు లైసెన్సూ రాక, అమ్మకమూ జరగకపోతే సెక్షన్ 21(3) కింద జప్తు. అందుకే దరఖాస్తు పెట్టిన రోజే గడువు పొడిగించమని మరో అర్జీ ఇవ్వాలి.

విలువ అడిగారు. ఎన్‌ఫీల్డ్ నం. 2లు సుమారు 2.7 లక్షలు తయారయ్యాయి, అరుదైనదేం కాదు. సేకరణదారు డబ్బిచ్చేది నంబర్లు కలవడానికి (సిలిండర్ మీదా ఫ్రేమ్ మీదా ఒకటే), అసలు పూత చెదరకపోవడానికి, తోలు ఒర, సర్వీసు కాగితాలకు. ఇసక కాగితంతో రుద్ది కొత్త నలుపు వేయిస్తే అందంతో పాటు ధరా పోతుంది. మన దేశంలో ఇవేవీ పెద్దగా పనిచేయవు. కొనేవాడికీ పీబీ లైసెన్సు ఉండాలి, అలాంటివాళ్లు వేళ్లమీద లెక్క. లక్షలు పలికేది పాత దిగుమతి .32 వెబ్లీ స్కాట్ లాంటి, పీబీ కానివి. ఆ ధరలు విని మీ 1941 ఎన్‌ఫీల్డ్‌కు అంటగట్టకండి.

అమెరికాకు పంపే ఆలోచన కట్టిపెట్టండి. సెక్షన్ 10 కింద ఎగుమతి లైసెన్సు లేకుండా పార్సిల్ చేస్తే కస్టమ్స్ కేసు అదనం. మీ తమ్ముడు చేయాల్సిన పని వేరే ఉంది. వారసుల్లో ఆయన ఒకరు కాబట్టి ‘మా అన్న పేర లైసెన్సుకు అభ్యంతరం లేదు’ అని అఫిడవిట్ రాసి, అక్కడి భారత కాన్సులేట్‌లో అటెస్టేషన్ చేయించి పంపాలి. మేనత్తలు, బాబాయిల నుంచి కూడా అలాంటివే తీసుకోండి. ఒక్క సంతకం తక్కువైనా ఫైలు వెనక్కి వస్తుంది.