గేటు దగ్గర టేపు పెట్టి కొలువు బిడ్డా

బిడ్డా,

నువ్వు పంపిన వాయిస్ మెసేజ్ మీ పెద్దమ్మా నేనూ ఇద్దరం విన్నాం. పేరెంట్స్ మీటింగులో "పిల్లలు చిన్నప్పుడే లావెక్కుతున్నారు, సర్కారు ఏదో ఒకటి చెయ్యాలె" అని నువ్వు అనగానే ఒకాయన లేచి "మా పిల్లగాడు ఏం తినాలో సర్కారు చెప్తదా?" అన్నాడన్నావు. ఆయనతో కొట్లాట పెట్టుకోకు. ఆయన మాటలో సగం న్యాయం ఉంది. పొద్దున సర్వపిండి పెట్టాలా, నూడుల్స్ పెట్టాలా అన్నది తల్లిదండ్రుల ఇష్టం. టిఫిన్ డబ్బాలోకి ఆఫీసర్లు తొంగి చూడాల్సిన పని లేదు.

కానీ బడి గేటు ముందు ఏం అమ్ముతున్నారు, బడికి ఆటస్థలం ఉందా, ప్యాకెట్ మీద ఏం రాశారు, ఇవి ఏ ఇంటివాళ్లూ తమంతట తాము సరిచేసుకోలేరు. నువ్వు అడగాల్సింది వీటి గురించే. "ఊబకాయం మీద చర్యలు తీసుకోవాలి" అని అర్జీ పెడితే ఆఫీసులో తల ఊపి పక్కన పెడతారు. ఫలానా గేటు, ఫలానా రూలు అని రాస్తే జవాబు చెప్పక తప్పదు.

రూలు ఉంది. బడి పిల్లల ఆహారం మీద ఎఫ్ఎస్ఎస్ఏఐ, అంటే తిండి భద్రత చూసే కేంద్ర సంస్థ, 2020లో నిబంధనలు తెచ్చింది. కొవ్వు, చక్కెర, ఉప్పు ఎక్కువున్న తిండి బడి క్యాంటీన్లో, హాస్టల్లో అమ్మకూడదు. గేటు నుంచి ఏ దిక్కుకైనా 50 మీటర్ల లోపల కూడా అమ్మకూడదు. ఇది చూసుకోవాల్సిన బాధ్యత ముందు బడి యాజమాన్యానిదే. అందుకని ఎవరి దగ్గరికి పోయే ముందైనా ఒక టేపు తీసుకుని గేటు దగ్గరికి పో. రెండో కొస ఆ లేచి మాట్లాడినాయన్నే పట్టుకోమను, కొలిచిన లెక్క ఆయనా కాదనలేడు. ఎడమకు, కుడికి, ఎదురుగా కొలిచి, ఆ లోపల ఉన్న కొట్లూ బండ్లూ కాగితం మీద గీసుకో. ఏ కొట్లో ఐదు రూపాయల చిప్స్ దండలు వేలాడుతున్నాయి, ఏ ఫ్రిజ్ మీద కూల్‌డ్రింక్ బొమ్మ ఉంది, అన్నీ రాయి.

నేను పీఈటీగా ఉన్నన్నాళ్లూ చూసిందే ఇది. సాయంత్రం బెల్లు కొట్టాక పిల్లవాడి జేబులో పది రూపాయలుంటే అవి ఆ రోడ్డు మలుపు దాటవు.

ఖాళీ సీసా ఒకటి మీటింగుకి తీసుకెళ్లు. వెనక చిన్న అక్షరాల్లో 100 మిల్లీలీటర్లకు ఎంత చక్కెరో ఉంటుంది. చాలా కూల్‌డ్రింకుల్లో అది పది గ్రాముల చుట్టుపక్కల. పావు లీటరు సీసా అంటే ఐదారు చెంచాలు. మాటలు ఆపి ఒక గ్లాసులో ఐదు చెంచాల చక్కెర పోసి టేబుల్ మీద పెట్టు, చాలు. సీబీఎస్ఈ 2025లో తన బడుల్లో చక్కెర లెక్కలు చూపే బోర్డులు పెట్టమన్నది. మీది ఏ సిలబస్ అయినా అలాంటి బోర్డు పెట్టుకోవద్దని ఎవరూ అనరు.

ఒక్క జాగ్రత్త. గేటు దగ్గర బండి పెట్టుకున్న ఆమె పొట్ట కొట్టకు. వీధి వ్యాపారులకు 2014 చట్టం ఉంది, వాళ్లను ఇష్టమొచ్చినట్టు లేపెయ్యడానికి లేదు. ఉడకబెట్టిన పల్లీలు, మక్క కంకులు, శనగ గుడాలు, జామకాయలు అమ్మితే మీరే కొంటామని ముందు ఆమెతో మాట్లాడు. బండి తీసెయ్యమని కాకుండా బండి మీద సరుకు మార్చమని అడుగు.

ఇక గ్రౌండ్. నాకు కోపం వచ్చేది ఇక్కడే. 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూలులో బడికి ఆటస్థలం ఉండాలని రాసి ఉంది. హన్మకొండలో నాలుగంతస్తుల బిల్డింగుల్లో బడి నడుపుతూ, సెల్లార్లో బైకుల మధ్య డ్రిల్లు చేయించే వాళ్లను చూశాను. గేమ్స్ పీరియడ్ టైంటేబుల్లో ఉంటుంది, ఆ టైముకి లెక్కల సార్ వస్తాడు. ఆరో తరగతికే ఐఐటీ ఫౌండేషన్ అని మనమే ఫీజు కడుతున్నాం కాబట్టి వాళ్లను మాత్రమే తిట్టి లాభం లేదు. అయినా గుర్తింపు ఇచ్చేటప్పుడు గ్రౌండ్ ఎవరు చూశారు, ఎక్కడ చూశారు అని డీఈఓ (జిల్లా విద్యాధికారి) ఆఫీసుని సమాచార హక్కు కింద అడుగు. 30 రోజుల్లో చెప్పాలి.

పన్నుల సంగతి ఎవరో ఒకరు ఎత్తుతారు. కేరళ 2016లో పెద్ద రెస్టారెంట్ల పిజ్జా, బర్గర్ల మీద 14.5 శాతం వేసింది, జీఎస్టీ వచ్చాక అది పోయింది. బ్రిటన్ 2018లో చక్కెర పానీయాల మీద సుంకం పెడితే, అది తప్పించుకోవడానికి చాలా కంపెనీలు చక్కెరే తగ్గించాయి. మన దగ్గర 2025 సెప్టెంబరు నుంచి కూల్‌డ్రింకుల మీద జీఎస్టీ 40 శాతం, అదే రోజు బిస్కెట్లు, చాక్లెట్లు, ఐస్‌క్రీముల మీద 18 నుంచి 5కి దిగింది. ఒక చేత్తో కొట్టి ఇంకో చేత్తో తినిపించడం అంటే ఇదే. కానీ అది మీ మీటింగులో తేలేది కాదు, దాని మీద గంట పోనియ్యకు.

పిల్లల్ని అందరి ముందు తూకం వెయ్యనివ్వకు. బరువు చూడాలంటే గదిలో చూసి తల్లిదండ్రులకే చెప్పాలి. ఏ పిల్లకైనా ఒకసారి లావు అని పేరు పడిందంటే మళ్లీ గ్రౌండులోకి రాదు. ఇంకో సంగతి, ప్రభుత్వ బడులను ఇందులోకి లాగి "అక్కడా నూనె, గుడ్లు తగ్గించాలి" అనే తెలివైనవాళ్లు ఉంటారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశంలో ఐదేళ్లలోపు పిల్లల్లో అధిక బరువు 2.1 నుంచి 3.4 శాతానికి పెరిగిన మాట నిజమే, కానీ వయసుకు తగ్గ ఎత్తు లేనివాళ్లు 35.5 శాతం. మధ్యాహ్న భోజనంలో గుడ్డు జోలికి ఎవరినీ పోనియ్యకు.

ముందు హెడ్‌మాస్టర్‌కి రాసివ్వు, వారం చూడు. కదలకపోతే గీసిన కాగితం, ఫోటోలు జతచేసి ఫుడ్ సేఫ్టీ ఆఫీసర్‌కి, ఆపైన సోమవారం కలెక్టరేట్లో అర్జీలు తీసుకునే ప్రజావాణిలో ఇవ్వు. రసీదు లేకుండా బయటికి రాకు. నలుగురు తల్లుల సంతకాలుంటే మంచిది, నలభై కోసం ఆగకు. అర్జీ ఇచ్చే ముందు నాకు వాట్సాప్ చెయ్యి. రెండు పేజీలు దాటితే నేను చదవను, వాళ్లూ చదవరు.

మీ పెద్దబాపు